ఒక్కసారి నాటితే ఏళ్లకేళ్లు కూర: వాడకట్టుకు పంచే పెరటి మొక్కల చిట్కాలు

మన ఆర్మూర్‌లో దుంప దాచడం, నాటడం ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పసుపు నేర్పిన ఆ పనితనమే పెరట్లోనూ పనికొస్తుంది. ఏటా విత్తనం కొనే పని లేకుండా కూరనిచ్చే మొక్కలివి. అంగడిలో అన్నీ దొరకవు, దొరికినా ధర మండిపోతుంది. నేను పెంచి, వండి, పంచి చూసినవే చెబుతున్నా.

1. పిడికెడు మామిడి అల్లం దుంపల్ని మిర్గం నాడు పసుపుతోపాటే నాటండి. సంక్రాంతి నాటికి ఆకు ఎండాక తవ్వితే పచ్చడికీ, పప్పులోకీ కొనే పనే ఉండదు.

2. ఆకు చూస్తే ఇది పసుపో, మామిడి అల్లమో పోల్చుకోలేం. దుంపను గోటితో గీకండి: పచ్చి మామిడికాయ వాసన వచ్చి, లోపల రంగు పాలిపోయినట్టుంటే మామిడి అల్లమే.

3. విత్తనపు దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు. నీడలో పోసి ఎండిన పసుపాకు కప్పితే వానల దాకా నిలుస్తాయి, ఖర్చు లేదు.

4. బోడకాకరకు గింజ కాదు, దుంప అడిగి తెచ్చుకోండి. గింజతో మొలిస్తే పూత వచ్చేదాకా మగ తీగో ఆడ తీగో తెలీదు. పువ్వు కింద చిన్న బుడిపె ఉంటే ఆడది.

5. ఎనిమిది, పది ఆడ తీగలకు ఒక్క మగ తీగ చాలు. నాలుగిళ్ల మధ్య ఉన్న గోడ మీదికి దాన్ని పాకిస్తే అందరి పందిళ్లూ కాస్తాయి, ఎవరి జాగా దండగ కాదు.

6. చలికాలంలో బోడకాకర తీగ ఎండితే చచ్చిందనుకుని పీకొద్దు, నీళ్లు ఆపేయండి. నేనొక ఏడు రోజూ చెంబెడు పోసి, వానలకు తవ్వి చూస్తే దుంప వేళ్ల మధ్యనుంచి జావలా జారిపోయింది. అంతకుముందు వెనకింటి వదినకిచ్చిన దుంప పిలకలేసింది కాబట్టి సరిపోయింది. ఆమె ఒకటి మట్టితో సహా తెచ్చి నా కొంగులో వేసింది. అప్పటినుంచి ఏ మొక్కైనా రెండిళ్లకు ఇవ్వందే నాకు నిద్ర పట్టదు.

7. కంద కోసే ముందు చేతులకు నూనె రాసుకోండి, ఉడికేటప్పుడు చింతపండు వేయండి. చేయీ దురద పెట్టదు, గొంతూ గీరదు.

8. నల్లేరును పిట్టగోడ మీద కుండీలో వదిలేస్తే ఎండాకాలమూ బతుకుతుంది. లేత కణుపులే తెంపి, నార తీసి, నూనెలో బాగా వేయించి చింతపండుతో రోట్లో నూరండి.

9. చక్రముని ముదురు కొమ్మ గుచ్చితే చాలు, ఏళ్లపాటు ఆకు. పప్పులో కొద్దిగా, ఉడికించే వాడండి. 1990ల్లో తైవాన్‌లో సన్నబడాలని దీని పచ్చి రసం తాగినవాళ్లకు ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి.

10. పొన్నగంటి, తీగ బచ్చలి ఆకు తుంచాక కాడలు పారేయొద్దు. గిన్నెలు కడిగిన నీళ్లు పారేచోట గుచ్చితే వారంలో చిగురేస్తాయి.

11. మునగను ఛాతీ ఎత్తున నరుకుతూ ఉండండి, నిచ్చెన లేకుండా ఆకు చేతికందుతుంది.

12. పాల ప్యాకెట్‌కు అడుగున రెండు చిల్లులు పెట్టి తుంపు నాటండి, సంఘం మీటింగ్ రోజు సంచిలో నాలుగు పట్టుకెళ్లొచ్చు. మొక్క పేరూ, వండే తీరూ చీటీ రాసి కట్టండి. పేరు తెలీని అడవి దుంప మాత్రం ఎవరిచ్చినా తినొద్దు.

13. సంక్రాంతి నోములకు ప్లాస్టిక్ డబ్బాలు కొనకండి. అప్పటికి బోడకాకర దుంప నిద్రలో ఉంటుంది, మామిడి అల్లం తవ్వకానికొస్తుంది. పసుపు కుంకుమతోపాటు ఆ దుంపల్నే వాయినమివ్వండి.

14. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు విత్తనం అప్పు తీసుకుంటే పంటొచ్చాక రెట్టింపు ఇస్తారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మా గల్లీలోనూ అదే లెక్క: ఒక దుంప తీసుకుంటే వచ్చే ఏడు రెండు, ఒకటి ఇచ్చినవాళ్లకు, ఇంకొకటి కొత్త ఇంటికి.

మిర్గం వచ్చేలోపే మీ వాడకట్టులో ఎవరింట్లో ఏ దుంప ఉందో అడిగిపెట్టుకోండి. మీ పెరట్లో ఉన్నది మీరూ చెప్పండి.