అస్థిపంజరాల నాట్యం – ఒక సంగీత పాఠం



మా ఇంట్లో మాకంటే ముందు డిగ్రీ చదివినవారు లేరు గానీ, దయ్యం కథలు చెప్పేవారికి కొదవ లేదు. ఆ కథలన్నీ మూటగట్టుకునే మేము ఆరో తరగతిలో హాస్టల్లో చేరాం. రాత్రి కరెంటు పోతే చింతచెట్టు వైపు ఒంటరిగా వెళ్ళే ధైర్యం మాకు ఉండేది కాదు. పీజీలో చేరాక ఒక మిత్రుని సెల్‌ఫోన్‌లో ఒక సంగీతం విన్నాం. మాటలు లేవు, బొమ్మలు లేవు. అయినా ఆ చింతచెట్టే గుర్తుకొచ్చింది. అదెలా సాధ్యమో తెలుసుకుందాం.

దాని పేరు 'డాన్స్ మకాబ్ర్', అంటే మృత్యునాట్యం. ఫ్రాన్స్ దేశానికి చెందిన కామీ సాన్‌సాన్స్ (1835–1921) దీనిని 1874లో రచించారు. 1875 జనవరి 24న పారిస్‌లో మొదటిసారి వాయించారు. ఆంరీ కజాలిస్ అనే కవి కవిత దీనికి ఆధారం. సాన్‌సాన్స్ ముందు దీనిని గాయకుడు పాడే పాటగా చేసి, తరువాత పెద్ద వాద్యబృందానికి మలిచారు. గాయకుని స్థానం వయొలిన్‌కు ఇచ్చారు.

కథ చిన్నదే. అర్ధరాత్రి మృత్యువు శ్మశానానికి వచ్చి వయొలిన్ వాయిస్తుంది. సమాధుల్లోంచి అస్థిపంజరాలు లేచి నాట్యం చేస్తాయి. కోడి కూయగానే తిరిగి వెళ్ళిపోతాయి.

వినేటప్పుడు గమనించవలసినవి:

1. మొదట హార్ప్ అనే నిలువెత్తు తీగల వాయిద్యం ఒకే స్వరాన్ని 12 సార్లు మోగిస్తుంది. అది పన్నెండు గంటలు కొట్టడం.

2. మృత్యువు వయొలిన్ పై తీగను అర స్వరం తగ్గించి శ్రుతి చేస్తారు. మామూలుగా పక్కపక్క తీగల మధ్య 'స' నుంచి 'ప' వరకు ఉండే దూరం ఉంటుంది. ఇక్కడ అది ప్రతి మధ్యమం దగ్గరే ఆగిపోతుంది. ఐరోపాలో ఆ దూరానికి దయ్యం పేరు పెట్టారు.

3. ఎముకల చప్పుడు జైలోఫోన్‌ది. వరుసగా పేర్చిన చెక్క పట్టీలను చిన్న కర్రలతో కొడతారు.

4. చివర కోడికూత ఓబోది. మన సన్నాయిలాగే పీక పెట్టి ఊదే వాయిద్యం.

ఇక్కడొక విశేషం. అదే ప్రతి మధ్యమం మన కల్యాణి రాగంలోనూ ఉంది. కల్యాణి విని ఎవరూ భయపడరు కదా! అంటే దయ్యం స్వరంలో లేదు. దాని పక్కన ఏం పెట్టారు, మనకు ఏం చెప్పి వినిపించారు అన్నదానిలో ఉంది. చింతచెట్టు సంగతీ అంతే.

ఈ నాట్యం వెనుక పాత ఆలోచన ఒకటి ఉంది. పారిస్‌లోని ఒక శ్మశానం గోడ మీద 1424–25లో పెద్ద చిత్రం గీశారు. ఇప్పుడా గోడ లేదు. అందులో మృతులు పోపును, రాజును, రైతును, పసిబిడ్డను కూడా చేయి పట్టుకుని తీసుకుపోతుంటారు. కజాలిస్ కవితలోనూ గొప్పింటి స్త్రీ, బండి చక్రాలు చేసే పేదవాడు కలిసి నాట్యం చేస్తారు. చావు ముందు అందరూ సమానమే అని భావం.

ఈ మాట మనకు కొత్త కాదు. హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో నటులు పాడే గుర్రం జాషువా గారి పద్యాలలో మనవాళ్ళు ఎన్నోసార్లు విన్నదే. కానీ తమ్ముళ్ళూ, మన ఊళ్ళలో చాలాచోట్ల శ్మశానాలు కూడా కులానికొకటి. చచ్చాకైనా సమానం అన్న మాట అక్కడ ఇంకా నిజం కాలేదు. పైగా ఆ సంగీతంలో వచ్చే సమానత్వం కోడి కూసేసరికి అయిపోతుంది.

మనకు కావలసింది కోడి కూశాక మొదలయ్యే సమానత్వం. ఒకే వరుసలో కూర్చుని తినే ఈ హాస్టల్ మనకు దానిని కొంత రుచి చూపించింది. మిగతాది చదువుతో మనమే సాధించుకోవాలి.

వీలైతే ఈ సంగీతం వినండి. ఏడు నిమిషాలే. దీపం ఆర్పి వినండి, భయపడకండి. ఏ చప్పుడు ఏ వాయిద్యానిదో ఇప్పుడు మీకు తెలుసు.