తిక్తరసము: వెచ్చని పోపుతో మెంతికూర



మధురము, ఆమ్లము, లవణము, కటువు, తిక్తము, కషాయము అనునవి షడ్రసములు. వీనిలో కటువనగా కారము, తిక్తమనగా చేదు, కషాయమనగా వగరు. తీపి, పులుపు, ఉప్పు, కారములను మనము ప్రతిదినము కోరి వండుకొందుము. చేదును మాత్రము ఉగాదినాడు వేపపూతతో ఒక్క చెంచా స్వీకరించి, మరల ఉగాది వరకు మరచిపోవుదుము. ఆ రసమును నిత్యభోజనములోనికి తెచ్చు మార్గమొకటి ఈ నెల పాఠము.

వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయము సూత్రస్థానమున 10వ అధ్యాయములో రసములను వివరించెను. చేదు తాను రుచింపదనియు, కాని అరుచిని పోగొట్టుననియు అచట చెప్పబడినది. తన రుచికొరకు గాక, తన తరువాత వచ్చు ముద్దకొరకు పనిచేయు రసమది. అందుచే దానిని భోజనారంభమున కొద్దిగా తినుట మేలు.

అయితే మన ఇండ్లలో చేదు మందుగా మారినది. మా అత్తగారికి మధుమేహము వచ్చిన పిదప చేదుకూరలు ఆమె పళ్లెమునకే వచ్చెడివి. "అందరు తిననిది నాకొక్కదానికెందుకు బిడ్డా?" అని ఆమె ఒకనాడు అడిగినది. ఆ ప్రశ్నకు మాటతో సమాధానము లేదు. అందరి పళ్లెములలో వడ్డించుటయే సమాధానము. అప్పటినుండి చలికాలమున సిద్దిపేట రైతుబజారుకు లేత మెంతికూర వచ్చినంతకాలము మేము దీనిని చేయుచున్నాము. ఉత్తర కర్ణాటకమున జొన్నరొట్టెతో పచ్చి మెంతికూర తినుట వాడుక. జొన్నరొట్టె మనకును కొత్తది కాదు.

నలుగురికి కావలసినవి: గిల్లిన మెంతాకు 2 గిన్నెలు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు 3 చెంచాలు, తురిమిన బెల్లము 1 చెంచా, ఉప్పు అర చెంచా, నిమ్మరసము 2 చెంచాలు. పోపునకు నువ్వులనూనె 2 చెంచాలు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు 2, కరివేపాకు, చిటికెడు ఇంగువ.

ఇసుక పోవువరకు ఆకును మూడుమార్లు కడిగి, బట్టపై ఆరబెట్టవలెను. తడి ఉన్న నూనె అంటదు. సన్నగా తరుగక, ఆకులను చేతితో గిల్లి వెడల్పు గిన్నెలో ఉంచవలెను. పోపు వేగి, చిటపటలు ఆగిన తరువాత పొయ్యి దించి, పది శ్వాసలకాలము నిలిపి ఆకుపై పోయవలెను. మరుగు నూనె ఆకును మాడ్చును. చల్లారిన నూనె ఆకుపై విడిగా నిలుచును. వెచ్చని నూనెకు ఆకు కొద్దిగా వాడి మెత్తబడును, పచ్చదనము చెడదు. వెంటనే ఉప్పు, బెల్లము, పల్లీపొడి కలుపవలెను. ఉప్పు చేదును నాలుకకు తగ్గించి చూపును. బెల్లము దానికి తోడగును. నిమ్మరసము వడ్డించునప్పుడే పిండవలెను. ముందే పిండినచో పులుపువలన ఆకు రంగు మారును.

ఇందు ఉల్లి, వెల్లుల్లి లేవు గనుక నైవేద్యమునకు తగును. నివేదనకు ముందు రుచి చూడరాదు. కావున పైన చెప్పిన కొలతలను పాటింపవలెను.

మధుమేహమునకు మందులు వాడువారు ఈ కూరను నమ్మి వానిని మానరాదు. మెంతులు రక్తములోని చక్కెరను కొంత తగ్గింపగలవు గనుక వైద్యుని అడిగి తినుట క్షేమము. అట్టివారికి బెల్లము వేయకుండ ముందుగా కొంత తీసి ఉంచవచ్చును.

ఈ నెల అభ్యాసము: వారమునకొకనాడు ఈ కూరను చేసి, మొదటి ముద్దగా ఇంటిల్లిపాదికి వడ్డింపుడు. పిల్లలకు రెండాకులు చాలును. వలదన్నచో బలవంతపెట్టక, మరుసటి వారము మరల రెండాకులే వేయుడు. చేదు తినువారు ఒంటరిగా తినకుండుటయే ఈ పాఠము ఫలము.