పరిశోధన మొదలుపెట్టే ముందే అడగవలసిన రెండవ ప్రశ్న



ఆముదం మన ఇళ్ళలో తెలియనివారు లేరు. పెద్దలు విరేచనానికి పట్టించేవారు, నూనె తీయగా మిగిలిన పిండిని రైతులు ఎరువుగా వేస్తారు. అదే గింజలో రైసిన్ అనే తీవ్రమైన విషం కూడా ఉంది. అది నూనెలోకి రాదు, పిండిలోనే ఉండిపోతుంది. 2025 నవంబరులో ఈ రైసిన్ తయారు చేయబోయాడన్న ఆరోపణపై హైదరాబాదుకు చెందిన ఒక వైద్యుణ్ణి గుజరాత్ పోలీసులు అరెస్టు చేశారు. ఆరోపణ తీర్పు కాదు కనుక దానిపై మేము ఏమీ చెప్పము. అయితే ఆ వార్త చదివాక మా సిబ్బందిలో వచ్చిన చర్చే ఈ నెల పాఠానికి కారణం.

చెడ్డ ఉద్దేశం ఉన్నవాని సంగతి పోలీసులు చూసుకుంటారు. మంచి ఉద్దేశంతో చేసే పరిశోధన సంగతి ఏమిటి?

ఏ లాబ్‌లోనైనా మొదట అడిగేది, 'ఇది పొరపాటున బయటపడితే ఏమవుతుంది?' అని. ఇది అవసరమే. 1978లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, మశూచి లాబ్ ఉన్న భవనం పై అంతస్తులో పనిచేసే ఫొటోగ్రాఫరు ఒకామె మశూచి సోకి మరణించారు. అందుకే గ్లవ్స్, ఆటోక్లేవ్, తాళాలు. మా చిన్న లాబ్‌లో కూడా కల్చర్ ప్లేటును ఆటోక్లేవ్ చేయకుండా పారవేయరు.

రెండవ ప్రశ్న వేరు. 'మనం కనుగొన్నదాన్ని ఇంకొకరు కావాలని కీడుకు వాడితే?' దీనికి గ్లవ్స్ పనికిరావు.

ఎలుకలు వరిచేలను ఎలా పాడుచేస్తాయో మన రైతులకు చెప్పనక్కరలేదు. ఆస్ట్రేలియాలోనూ చిట్టెలుకల బెడద ఎక్కువ. వాటికి పిల్లలు పుట్టకుండా చేయాలని అక్కడి శాస్త్రవేత్తలు ఎలుకలకు వచ్చే మశూచి వైరస్‌లో ఒక మార్పు చేశారు. అనుకున్నది ఒకటి, అయినది ఒకటి. వ్యాధిని తట్టుకునే జాతి ఎలుకలు కూడా చనిపోయాయి. టీకా వేసినవాటిలోనూ చాలా చనిపోయాయి. 2001లో ఆ ఫలితం ప్రచురించారు. ఆ వైరస్ మనుషులకు సోకదు గాని, మనుషుల మశూచి వైరస్‌కు దగ్గర చుట్టమే. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, లాబ్ నియమం తప్పిందీ లేదు. మొదటి ప్రశ్న ఒక్కటే అడిగితే ఈ పనికి పూర్తి మార్కులు వస్తాయి.

2011లో మరొకటి జరిగింది. బర్డ్ ఫ్లూ వైరస్ ఒక జంతువు నుండి మరొక జంతువుకు గాలి ద్వారా పాకేలా మార్చిన రెండు పరిశోధనలు పూర్తయి పత్రికలకు చేరాయి. అప్పుడు గాని 'వివరాలు అచ్చు వేయాలా, వద్దా' అన్న వాదం పుట్టలేదు. నెలల తరబడి సాగి చివరకు 2012లో రెండూ అచ్చయ్యాయి. ఎవరిది న్యాయమో మేము తేల్చలేము. కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అడిగిన సమయం మాత్రం తప్పు.

మన దేశంలో జీవాయుధాల తయారీని 2005 చట్టం నిషేధించింది. 1989 నియమాల ప్రకారం జన్యుమార్పిడి పరిశోధన చేసే ప్రతి సంస్థలో జీవభద్రతా కమిటీ ఉండాలి. అందులో సంస్థ అధిపతి, శాస్త్రవేత్తలు, బయోటెక్నాలజీ శాఖ ప్రతినిధి, ఒక వైద్య నిపుణుడు ఉంటారు. ఆ వైద్యుని కుర్చీ ఉత్త అలంకారం కాదు. సూక్ష్మజీవి మనిషిని ఏం చేస్తుందో మంచం పక్కన నిలబడి చూసినవాడు ఆయనే.

అయితే ఎలా అడగాలి? పోలీసు ప్రశ్నలా అడిగితే శాస్త్రవేత్త నోరు మూసుకుంటాడు, అది సహజం. 'ఈ పనివల్ల వ్యాధి ఎక్కువగా పాకుతుందా? టీకా, మందు పనిచేయకుండా పోతాయా? ఇదే మేలు ఇంకా తక్కువ అపాయంతో వచ్చే దారి ఉందా? అనుకోని ఫలితం వస్తే ఎక్కడ ఆగి, ఎవరికి చెబుతాం?' అని పక్కన కూర్చుని, పని మొదలుకాక ముందే అడగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శక పత్రం కూడా ఈ బాధ్యతను శాస్త్రవేత్త ఒక్కని మీదే వేయలేదు. సంస్థలు, నిధులిచ్చేవారు, పత్రికలు, ప్రభుత్వాలు అందరూ పంచుకోవాలంది.

రామచంద్రపురం నుండి హైదరాబాదు, విశాఖపట్నం వెళ్ళి బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ చదివే మన పిల్లలు ప్రాజెక్టు కాగితంలో ఈ రెండవ ప్రశ్నకు అర పేజీ జవాబు రాయండి. సెలవులకు వచ్చినప్పుడు తెస్తే మా లాబ్ గదిలో కూర్చుని కలిసి చదువుదాం.