పాల బండి బ్యాటరీ ఎందుకు దిగిపోతుంది?



పితికిన పాలు మన కోసం ఆగవు. వేసవిలో క్యాన్లు సంఘం అరుగు మీద ఎంతసేపు ఉంటే పులుపు అంతగా పెరుగుతుంది. శీతలీకరణ కేంద్రంలో పరీక్ష తప్పిన క్యాను వెనక్కు వస్తే నష్టం బండి యజమానిది ఒక్కడిదే కాదు, ఆ క్యానులో పాలు పోసిన ప్రతి సభ్యుడిదీ. అందుచేత పాత పికప్ వ్యాను ఛార్జింగు సంగతి డ్రైవరుతోపాటు కార్యదర్శి, పాలకవర్గ సభ్యులు కూడా కొంత తెలుసుకోవడం మంచిదని ఈ పాఠం అందిస్తున్నాము. ఇది 12 వోల్టుల బ్యాటరీ ఉన్న పాత బండ్లకు వర్తిస్తుంది. కంప్యూటరు అదుపులో ఛార్జింగు జరిగే కొత్త బండ్ల లెక్క వేరు.

ఉదయం సెల్ఫ్ తీసుకోకపోతే "బ్యాటరీ పోయింది, కొత్తది కొనండి" అనడం మామూలు. కాని బ్యాటరీ కరెంటును పుట్టించదు, దాచి ఉంచుతుంది. పుట్టించేది ఇంజను బెల్టుతో తిరిగే ఆల్టర్నేటరు. దీనినే చాలామంది డైనమో అంటారు. గేదె పాలివ్వడం మానేస్తే కొత్త క్యాను కొని ఏం లాభం? ఆల్టర్నేటరు పని చేయకపోతే కొత్త బ్యాటరీ కూడా త్వరలోనే దిగిపోతుంది. సగం ఛార్జితో చాలాకాలం నడిచిన బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడి, బాగున్న బ్యాటరీ కూడా పాడవుతుంది.

మొదట కంటితో చూడండి

ఇంజను ఆపి బెల్టు చూడండి. రెండు కప్పీల నడుమ బొటనవేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే దిగాలి. వదులుగా ఉన్నా, పగుళ్లున్నా, స్టార్టు చేయగానే కీచుమన్నా సరిచేయించాలి. చాలా బండ్లలో ఇదే బెల్టు నీళ్ల పంపును కూడా తిప్పుతుంది. కొన్ని డీజిలు బండ్లలో బ్రేకులకు సాయపడే వాక్యూం పంపు ఆల్టర్నేటరు వెనుకనే ఉంటుంది. కాబట్టి బెల్టు తెగిన బండిని నడపరాదు.

తరువాత బ్యాటరీ టెర్మినళ్లు చూడండి. తెల్లని, పచ్చని చిలుము పట్టి ఉంటే తీగలు విప్పి, వంటసోడా కలిపిన నీటితో కడిగి, తుడిచి బిగించాలి. ఆ నీరు బ్యాటరీ లోపలికి పోరాదు. విప్పేటప్పుడు మైనస్ తీగ ముందు, బిగించేటప్పుడు అది చివర. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. అక్కడ పుట్టే వాయువు అంటుకుంటుంది.

తాళం తిప్పగానే, ఇంజను స్టార్టు కాకముందు, ఛార్జింగు ఎర్రదీపం వెలగాలి. స్టార్టయ్యాక ఆరిపోవాలి. అసలే వెలగకపోతే బల్బునో తీగనో అనుమానించాలి. చాలా పాత బండ్లలో ఆ బల్బు గుండా పోయే కొద్దిపాటి కరెంటే ఆల్టర్నేటరును మేల్కొలుపుతుంది. చిన్న బల్బు మాడినందుకు ఆల్టర్నేటరు మార్పించిన వారున్నారు.

తరువాత కొలవండి

లాక్టోమీటరు ముంచకుండా పాల మంచిచెడ్డలు మనం తేల్చము. బ్యాటరీకీ అదే న్యాయం. సామాన్య మీటరును డి.సి. 20 వోల్టుల గుర్తు మీద పెట్టి మూడు కొలతలు తీయాలి.

1. రాత్రంతా ఆగిన బండికి, స్టార్టు చేయకముందు: 12.6 ఉంటే బ్యాటరీ నిండుగా ఉంది. 12.2 అంటే సుమారు సగం. 12కు దిగువ అయితే బయట ఛార్జి చేయించాలి.

2. ఇంజను కాస్త వేగంగా నడుస్తుండగా: 13.8 నుండి 14.4 వరకు రావాలి. పెరగకపోతే ఛార్జింగు లేదు. 15 దాటితే రెగ్యులేటరు చెడింది. అప్పుడు బ్యాటరీ నీరు త్వరగా ఇంకిపోతుంది, బల్బులు తరచుగా మాడతాయి.

3. అదే వేగంలో హెడ్‌లైట్లు, వైపర్లు వేసి: 13.5కు బాగా దిగువకు పడిపోతే ఆల్టర్నేటరు, బెల్టు, తీగలలో ఏదో బలహీనంగా ఉంది.

మూత తీయగల బ్యాటరీ అయితే హైడ్రోమీటరు కూడా వాడవచ్చు. ఇది లాక్టోమీటరుకు అన్న వంటిది. రెండూ ద్రవ సాంద్రతనే చెబుతాయి. పాలు సుమారు 1.030 దగ్గర ఉంటే, నిండు బ్యాటరీ ఆమ్లం 1.250 పైన ఉంటుంది. ఒక గది మిగతా వాటికన్నా 0.050 తక్కువ చూపితే ఆ గది చెడినట్లే. నీరు తగ్గితే డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయాలి. బావి నీరు, ఆమ్లం పోయరాదు.

లోపం ఎక్కడ?

రెండవ కొలత తక్కువ వస్తే, ఇంజను నడుస్తుండగానే, మీటరు తీగలు బెల్టుకు, ఫ్యానుకు తగలకుండా, ఆల్టర్నేటరు పెద్ద తీగ వద్ద కొలవండి. అక్కడ 14.2 ఉండి బ్యాటరీ వద్ద 13 ఉంటే ఆల్టర్నేటరు నిర్దోషి. దారిలో తీగో, బిగింపో, ఎర్తో కరెంటును మింగుతోంది. రెండు చోట్లా తక్కువైతే ఆల్టర్నేటరు విప్పించి బ్రష్షులు, డయోడ్లు, రెగ్యులేటరు చూపించాలి.

మూడు కొలతలూ బాగుండి, ఒకటి రెండు రోజులు ఆగితేనే దిగిపోతుంటే, కరెంటు ఎక్కడో కారుతోంది. అన్నీ ఆపి మైనస్ తీగ విప్పి, ఆ తీగకూ టెర్మినలుకూ నడుమ చిన్న 12 వోల్టుల బల్బు పెట్టండి. వెలిగితే ఫ్యూజులు ఒక్కొక్కటి తీయండి. ఏది తీస్తే ఆరుతుందో లోపం ఆ దారిలో ఉంది. ఏది తీసినా ఆరకపోతే ఆల్టర్నేటరు డయోడును అనుమానించాలి. రాత్రంతా ఆగిన బండి ఆల్టర్నేటరు తెల్లవారి చేతికి వెచ్చగా తగిలినా ఇదే గుర్తు.

ఒక హెచ్చరిక: ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి చూసే పరీక్ష ఎవరినీ చేయనివ్వకండి. వోల్టేజి ఒక్కసారిగా ఎగసి డయోడ్లు మాడతాయి.

అభ్యాసం

ఆగినప్పుడు 12.5, నడిచేటప్పుడు 12.3: లోపం ఛార్జింగుది. ఆగినప్పుడు 11.9, నడిచేటప్పుడు 14.2: ఛార్జింగు బాగుంది, బ్యాటరీనీ కారుడునూ చూడాలి. ఆగినప్పుడు 12.6, నడిచేటప్పుడు 15.3: రెగ్యులేటరు.

బండి పుస్తకంలో నెలకొకసారి తేదీ వేసి ఈ మూడు అంకెలు రాయించండి. బ్యాటరీ కొనాలనే బిల్లు సంఘం ముందుకు వచ్చిన రోజున ముందు ఆ పేజీ చూడండి. కొలిచిన తరువాతనే కొనండి.