ఒంటరి దీవిలో సెల్కర్కు

మానవుడు సంఘజీవి. దేహమునకు అన్నోదకము లెట్టివో, మనస్సునకు తోడివారి పలుకు లట్టివి. ఈ సత్యమును అలెగ్జాండరు సెల్కర్కు జీవితము చక్కగా తెలుపుచున్నది.

సెల్కర్కు 1676వ సంవత్సరమున స్కాట్లండు దేశమందలి లోయర్ లార్గో గ్రామమున జన్మించి, యుక్తవయస్సున నావికుడయ్యెను. 1704లో అతడు పనిచేయుచున్న ఓడ చిలీ దేశమునకు పడమట, పసిఫిక్ మహాసముద్రములో నున్న హువాన్ ఫెర్నాండెజ్ దీవులను చేరెను. ఓడ శిథిలమైనదనియు, దానిలో ప్రయాణము ప్రాణాపాయమనియు సెల్కర్కు నౌకాధిపతితో కలహించి, ఒక నిర్జనద్వీపమున దిగిపోయెను. పిదప మరల ఓడ నెక్కగోరెను గాని, నౌకాధిపతి అంగీకరింపలేదు.

అతనియొద్ద తుపాకి, గొడ్డలి, కత్తి, వంటపాత్ర, బైబిలు మున్నగునవి యుండెను. దీవియందు మేకలకును, మంచినీటికిని కొదువ లేదు. అయినను మొదటి ఎనిమిది నెలలు అతడు దిగులుతోను, ఒంటరితనమువలని భీతితోను పెనగులాడెను. ఆకలి బాధించినగాని ఆహారము ముట్టడయ్యెను. నిద్ర ఆపుకొనలేనంతవఱకు పరుండడయ్యెను. పలుకరించు మనుష్యుడు లేమి అతనిని అంతగా క్రుంగదీసెను.

క్రమముగా అతడు ధైర్యము తెచ్చుకొని, రెండు కుటీరములు నిర్మించుకొనెను. గ్రంథపఠనమును, ప్రార్థనయు, కీర్తనలు పాడుటయు నియమముగా పెట్టుకొనెను. రాత్రులందు ఎలుకలు పాదములు కొఱుకుచుండగా, మేకమాంసము పెట్టి పిల్లులను మచ్చిక చేసెను. మేకపిల్లలను పెంచి, వానితో ఆడి పాడెను. పనియు, నియమమును, ప్రాణులతోడి చెలిమియు అతని మనస్సును నిలిపినవి.

1709 ఫిబ్రవరిలో వుడ్స్ రోజర్స్ అను ఆంగ్ల నౌకాధిపతి అతనిని రక్షించెను. నాలుగేండ్ల నాలుగు మాసములు సంభాషణ లేకుండుటచే సెల్కర్కు మాటలను సగము సగముగా పలుకుచుండెననియు, అవి తమకు సరిగా బోధపడలేదనియు రోజర్స్ 1712లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను.

ఒంటరితనము దీవులయందే కాదు, జనసమూహమందును కలుగును. కోరి కొంతసేపు ఏకాంతముగా నుండుట శాంతినిచ్చును. ఎవరును పలుకరింపక దూరముంచుట మనోవ్యాధికి దారితీయవచ్చును. కావుననే ఖైదీని వరుసగా 15 దినములకు మించి ఒంటరికొట్టులో నిర్బంధింపరాదని ఐక్యరాజ్యసమితి 2015లో నియమము చేసెను. తరగతిలో మౌనముగా ఒక మూల కూర్చుండు సహాధ్యాయుని పలుకరించుట మహోపకారము. దిగులు కలిగినప్పుడు తల్లిదండ్రులకో, ఉపాధ్యాయునకో, వైద్యునకో చెప్పుకొనుటయందు సిగ్గుపడవలసినది లేదు.

ప్రశ్నలు

1. సెల్కర్కు దీవియందు ఏల చిక్కుపడెను?
2. అతడు తన మనస్సును ఎట్లు నిలుపుకొనెను?
3. ఏకాంతమునకును, ఒంటరితనమునకును గల భేదమేమి?