తగ్గిన పొగను లెక్కించుట

సాయంకాలము బడి విడిచిన పిమ్మట మన పాఠశాల ద్వారము వద్ద నిలిచియుండు బస్సులను ఎఱుగని విద్యార్థి లేడు. డ్రైవరు ఇంజనును ఆపక కూర్చుండును. పొగగొట్టము నుండి వెడలు నల్లని పొగ ప్రక్క గోడను తాకి మసియై పేరుకొనును. ఆ గోడకు ఏటేటను సున్నము వేయించుచున్నాము. ఏటేటను అది నల్లబడుచునే యున్నది. గోడ మాట అటుంచి, ఆ పొగను పీల్చువారి సంగతి విచారింపవలెను. ప్రపంచారోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థవారు 2012వ సంవత్సరమున డీజిలు పొగ మానవులకు క్యాన్సరు కలిగించునదియే యని నిర్ణయించి ప్రకటించిరి.

క్రొత్త బండిని కొనుటకు ధనము చాలనియెడల పాతబండికే పొగను శుద్ధిచేయు సాధనము నమర్చు పద్ధతి యొకటి కలదు. అట్టి సాధనములలో రెండు ముఖ్యమైనవి. మొదటిది ఆక్సీకరణ ఉత్ప్రేరకము. తేనెపట్టువలె సన్నని గొట్టములు గల దిమ్మెకు ప్లాటినము మొదలగు లోహములను పూసి, దానిని పొగ పోవు మార్గమున నుంచుదురు. పొగలోని కార్బన్ మోనాక్సైడును, కాలక మిగిలిన నూనె ఆవిరియు అచ్చట ఆక్సిజనుతో కలసి చాలవఱకు నిరపాయకరములగును. కాని మసి నూటికి 20 మొదలు 40 పాళ్లు మాత్రమే తగ్గును. రెండవది మసి వడపోత. దీనియందు ఒక్కొక్క గొట్టమును ఒక కొనయందు మూసివేయుదురు గాన, పొగ సూక్ష్మరంధ్రములు గల గోడలలోనుండి దూరి పోవలసినదే. మసి వెనుక నిలిచిపోవును. ఇందువలన నూటికి 85 మొదలు 95 పాళ్ల మసి తగ్గును. అట్లు నిలిచిన మసి ఇంజను వేడిమికే కాలిపోవలయును. కాలనిచో వడపోత పూడిపోయి బండికి ఊపిరి సలుపదు.

సాధనము నమర్చినవారు “ఎంత మేలు జరిగినది?” అను ప్రశ్నకు ఉత్తరము చెప్పవలసియుండును. అమెరికా దేశమున 2003వ సంవత్సరమున బడి బస్సుల పొగ తగ్గించుటకు ఒక కార్యక్రమమును ఆరంభించిరి. 2005వ సంవత్సరపు చట్టము వలన డీజిలు బండ్ల శుద్ధికి ప్రభుత్వ ధనము లభించెను. ధనము కోరువారు తగ్గుదలను లెక్కించి చూపుటకై అచ్చటి పర్యావరణ రక్షణ సంస్థవారు ఒక గణన యంత్రాంగమును సిద్ధపఱచిరి. బండి యేరకమైనది, ఏ సంవత్సరపుది, ఏటికెంత దూరము పోవును, ఎన్ని గంటలు నిలిచి ఇంజను తిరుగును, ఇంకను ఎన్ని సంవత్సరములు పనిచేయును అని అది అడుగును. దాని లోపలి గణితము మన విద్యార్థులకు అందనిది కాదు. కిలోమీటరు ఒకటికి వెడలు మసిని ఏటి దూరముచే గుణించి, సాధనము తగ్గించు పాలుచే గుణించి, మిగిలిన ఆయువుచే మరల గుణించినచో మొత్తము తగ్గుదల వచ్చును.

గుణకారము సులభము. గుణింపబడు సంఖ్యలు నిజమైనవగుటయే కష్టము. ఈ సంగతిని మేము గత సంవత్సరము పదవ తరగతివారికి బోధింపబోయి, తామే ముందుగా నేర్చుకొంటిమి.

పాఠశాల పాతబస్సునకు మసి వడపోత పెట్టింపవలెనా, ఆ ధనమును క్రొత్తబస్సు నిధికి చేర్పవలెనా అని కార్యవర్గమువారు ఆలోచించుచుండిరి. పిల్లలు లెక్క కట్టి చూపినచో బాగుండునని మేమే చెప్పితిమి. కిలోమీటరునకు అర గ్రాము మసి యని లెక్క కొఱకు తీసికొంటిమి. అది మేము కొలిచినది కాదు. ఏటికి 20,000 కిలోమీటర్లు అనుకొంటిమి. అనగా ఏటికి 10 కిలోగ్రాముల మసి. వడపోత నూటికి 90 పాళ్లు తగ్గించినచో 9 కిలోగ్రాములు. బస్సు ఆఱు సంవత్సరములు నడచునని తలచి 54 కిలోగ్రాములు అని తేల్చితిమి. వార్షికోత్సవమునకై ఆ సంఖ్యను పెద్ద అక్షరములతో అట్టమీద వ్రాయించితిమి కూడను.

అప్పుడు ఒక బాలిక లేచి, “అయ్యగారూ, బస్సు ఏటికి ఇరువదివేలు పోవునని ఎవరు చెప్పినారండి?” అని అడిగెను. ఎవరును చెప్పలేదు, మేమే ఊహించితిమి. మఱునాడు పిల్లలు డ్రైవరు వద్దనున్న పుస్తకమును తెచ్చి కూడగా 14,000 మాత్రమే వచ్చెను. వేసవి సెలవులను, పరీక్షల సెలవులను మేము తలచనే లేదు. అంతటితో ఏటి తగ్గుదల 6.3 కిలోగ్రాములకు దిగెను. పిమ్మట కార్యవర్గపు తీర్మానములను చూడగా, ఆ బస్సును మూడు సంవత్సరములలో తుక్కునకు పంపవలెనని యంతకుముందే నిశ్చయించియుండిరి. తుక్కైన బండి మసి విడువదు. విడువని మసిని తగ్గించితిమని చెప్పుకొన వీలులేదు. కావున తగ్గుదల 18.9 కిలోగ్రాములు. 54 ఎక్కడ, 18.9 ఎక్కడ! వడపోత వెల 4 లక్షల రూపాయలని అనుకొన్నయెడల, మొదటి లెక్కలో కిలోగ్రాము తగ్గింపునకు సుమారు 7,400 రూపాయలు, రెండవదానిలో సుమారు 21,200 రూపాయలు పడును. ఆ తప్పు పిల్లలది కాదు, మాది. అట్టను మరల వ్రాయించితిమి. కార్యవర్గమువారు ధనమును క్రొత్తబస్సు నిధికి చేర్చిరి.

సాధనము యొక్క పాలును గూర్చియు ఒక మాట చెప్పవలెను. పరీక్షాలయమున వచ్చిన 90 వీధిలో రాకపోవచ్చును. మసి కాలుటకు సుమారు 250 డిగ్రీలకు పైబడిన వేడిమి కొంతసేపైన నిలువవలయును. అడుగడుగున నిలుచుచు పోవు బస్సునకు అంత వేడిమి తఱచుగా లభింపదు. మఱియు డీజిలులో గంధకము హెచ్చుగానున్నచో ఉత్ప్రేరకము చెడిపోవును; అందుచేతనే అమెరికాలో 2006 నుండి రహదారి డీజిలులో గంధకమును పదిలక్షలకు 15 పాళ్లకు తగ్గించిరి. మన దేశమంతట 2020 ఏప్రిలు నుండి 10 పాళ్లు.

బండి యే సంవత్సరపుదో తెలిసికొనుట కూడ ముఖ్యమే. అమెరికాలో పెద్ద డీజిలు ఇంజనులు ఒక్కొక్క అశ్వశక్తి గంటకు విడువదగిన మసి 1988లో 0.60 గ్రాము, 1991లో 0.25, 1994లో 0.10, 2007లో 0.01. ఒకే సాధనము, ఒకే దూరమైనను, ఏ మెట్టుమీదనున్న బండికి అమర్చితిమో దానినిబట్టి ఫలము మాఱిపోవును. మిక్కిలి పాతబండి మిక్కిలి మసి విడుచును గనుక దానికే వడపోత మేలని తోచును గాని, 1994కు ముందటి ఇంజనుల మసికి సాధారణమైన వడపోత తాళలేక పూడిపోవును. వానికి ఉత్ప్రేరకమే గతి.

సంఖ్య అబద్ధమైనచో ఏమగునో జపాను దేశమువారు చూచిరి. 1999వ సంవత్సరమున టోక్యో గవర్నరు ఇషిహారా షింతారో మసి నింపిన సీసాను విలేఖరుల యెదుట ఊపి చూపెను. 2003 అక్టోబరు 1 నుండి టోక్యోయందును, పొరుగు ప్రాంతములైన సైతామా, చిబా, కనగావాలయందును నియమమునకు సరిపడని డీజిలు లారీలును బస్సులును తిరుగరాదని శాసించిరి. యజమానులు వడపోతలు కొనిరి. 2004 నవంబరున ఒక గొప్ప వర్తక సంస్థవారు తమ వడపోతల పరీక్షలలో కల్పిత సంఖ్యలను చూపించితిమని ఒప్పుకొనిరి. అప్పటికే 20,000లకు పైగా సాధనములు అమ్ముడుపోయియుండెను. వానిని నమ్మి కట్టిన ప్రతి లెక్కయు అంతమేరకు చెడినట్లే గదా.

ఏది తగ్గెనో పేరు పెట్టి చెప్పుట మఱియొక నియమము. వడపోత మసిని తగ్గించును గాని బొగ్గుపులుసు గాలిని తగ్గింపదు. పొగకు అడ్డమగుట చేత ఇంధనము కొంచెము హెచ్చుగానే కాలవచ్చును. ఉత్ప్రేరకము పూసిన కొన్ని వడపోతలు నైట్రోజను డయాక్సైడు పాలును పెంచును. కావున “కాలుష్యము 90 పాళ్లు తగ్గినది” అని వ్రాసిన విద్యార్థికి మేము మార్కులు వేయము. “మసి” అని వ్రాసినవానికి వేయుదుము.

పాతబండిని తీసివేసి క్రొత్తది కొన్నప్పుడు వేఱొక చిక్కు కలదు. పాతది పొరుగూరివారికి అమ్మినచో పొగ ఊరు మాఱునే గాని తగ్గదు. అందువలననే అమెరికా ప్రభుత్వము అట్టి పనులకు ధనమిచ్చునపుడు పాత ఇంజను మరల పనికిరాకుండ పాడుచేయవలెనని నిర్బంధించును. మన పాతబస్సునుగూర్చి కార్యవర్గమువారు తుక్కు తీర్మానమును సడలింపక నిలుపుదురని నమ్ముచున్నాము.

మా లెక్కలో ఇంకొక లోపము మిగిలియున్నది. కిలోమీటరు లెక్క కదలు బండికే చెల్లును. ద్వారము వద్ద నిలిచి తిరుగు ఇంజనునకు గంటల లెక్క వేఱుగా కావలెను. ఆ నిలిచిన కాలమును మేము కొలువలేదు. ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతివారు నలుగురు చొప్పున గడియారమును, పుస్తకమును పట్టుకొని రెండు వారములు సాయంకాలము ద్వారమునకు కొంత దూరముగా నిలుచుటకు ఒప్పుకొనిరి. డ్రైవర్లకు ముందుగా చెప్పకూడదని వారిలో ఒకడు పట్టుబట్టుచున్నాడు. చెప్పినయెడల ఆ రెండు వారములును ఇంజనులు ఆపివేయుదురని వాని వాదము. చెప్పినంతమాత్రమున ఆపుదురేని చెప్పుటయే మేలుగదా యని తక్కినవారు. ఈ తగవు ఇంకను తీరలేదు.