అన్నలీజ: జాబిల్లి ‘జ’తో

మా మనవరాలికి ఆరేళ్ళు. పుట్టింది కెనడాలోని లండన్‌లో. కోడలివైపు వాళ్ళు జర్మన్లు, ఇక్కడికి గంటపైన దూరంలో ఉన్న కిచెనర్‌లో ఉంటారు. పిల్ల పేరు అన్నలీజ. ఇంగ్లీషు అక్షరాల్లో ఏ, రెండు ఎన్‌లు, ఈ, ఎల్, ఐ, ఈ, ఎస్, ఈ. ఈ తొమ్మిది అక్షరాల మీద మా రెండు కుటుంబాల్లో జరిగినంత చర్చ మా అబ్బాయి పెళ్ళప్పుడు కూడా జరగలేదు. గుంటూరులో ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని. అక్షరానికీ నోటికీ ఉన్న సంబంధం గురించి ఈ పిల్ల పేరు దగ్గర మళ్ళీ నేర్చుకున్నాను. ఈ దేశంలో మనవల్ని ఎత్తుకోబోయే మనవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

1. పేరు చెవిన పడేదాకా దాని మీద అభిప్రాయం చెప్పకండి.

మా అబ్బాయి ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు పంపాడు. నేను దాన్ని ‘అన్నెలీసే’ అని చదువుకుని చుట్టాలందరికీ అలాగే చెప్పాను. మా ఆడపడుచు వెంటనే, “ఆడపిల్లను పట్టుకుని అన్నా అని పిలవమంటావా వదినా?” అంది. ఇంకొకరికి పొలం లీజు గుర్తొచ్చింది. లలిత అనో అనన్య అనో పెట్టుకోక ఎందుకీ తంటా అన్నారు చాలామంది. నాకూ లోపల అలాగే ఉండేది. వాళ్ళలో ఒక్కరూ ఆ పేరు విని ఉండలేదు. నేనూ వినలేదు.

ఇక్కడికి వచ్చాక మా వియ్యపురాలు వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి వేలితో తాళం వేసి చూపించింది. అన్, న, లీ, జ. మొదటి దెబ్బ గట్టిగా, రెండోది తాకీ తాకనట్టు, మూడోది సాగదీసి, నాలుగోది మెత్తగా. నాలుగు దెబ్బలూ కలిపి వినగానే నాకు నచ్చింది. మన మాటల్లాగే అచ్చుతో ముగిసింది మరి! ఈ ఊరి నది పేరూ నేను మొదట ‘థేమ్స్’ అనే చదివాను. బస్సులో పక్కన కూర్చున్నావిడ ‘టెమ్స్’ అన్నాక సరిదిద్దుకున్నాను.

2. జర్మన్ స్పెల్లింగును ఇంగ్లీషు కళ్ళతో చదవకూడదు.

ఇంగ్లీషు స్పెల్లింగు ఎప్పుడు ఎటు తిరుగుతుందో చెప్పలేం. జర్మన్ అలా కాదు, చాలావరకు రాసినట్టే పలుకుతుంది. ఐ తర్వాత ఈ వస్తే ‘ఈ’. ఈ తర్వాత ఐ వస్తే ‘ఐ’. అందుకే లీజ అయింది, అందుకే హైడీ అయింది. రెండు అచ్చుల మధ్య ఎస్ మెత్తబడుతుంది. మాట చివరి ‘ఈ’ మూగది కాదు, దాన్ని పలకాలి. ఆన్ ఫ్రాంక్ అని మనం చదువుకున్న పిల్ల అసలు పేరు అన్నెలీస్ మరీ ఫ్రాంక్. 1929లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. ఇంట్లో ఆమెను పిలిచింది ‘అన్న’ అనే, ఇంగ్లీషువాళ్ళు అనే ‘యాన్’ కాదు. మన పత్రికలు ఏంజెలా అని రాసిన జర్మన్ నాయకురాలు మెర్కెల్‌ను ఆమె దేశంవాళ్ళు ‘అంగెల’ అంటారు.

జర్మన్ పేర్లతో మన పరిచయం బొత్తిగా కొత్తదీ కాదు. మా గుంటూరుకు 1842లో వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ జర్మనీలో పుట్టినవాడే. తెలుగు పుస్తకాలు మొట్టమొదట అచ్చయింది 1746లో, జర్మనీలోని హాలె పట్నంలో. అచ్చు వేయించినాయన బెంజమిన్ షుల్ట్స. ఆ ఊరిని హాలే అనీ హాలీ అనీ, ఆయన్ను షుల్జ్ అనీ షుల్జి అనీ మనవాళ్ళు తలా ఒక రకంగా రాశారు. మన అక్షరాలకు అచ్చులో తొలి రూపం ఇచ్చిన మనిషి పేరు, రెండున్నర శతాబ్దాలు దాటినా, మన అక్షరాల్లో కుదురుకోలేదు. క్లాసులో నేనూ షుల్జ్ అనే చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

3. తేలిక చేస్తున్నామని పేరును కొయ్యకండి.

చివరి ‘ఈ’ తీసేసి, మధ్యలో ‘ఏ’ పెట్టి, ఇక్కడివాళ్ళకు సులువుగా చేద్దామన్నాడు మా అబ్బాయి. నాలుగు రోజులు ఆ మాట మీదే ఉన్నాడు. ఆ లోపల ఒక క్లినిక్‌లో అలాగే రాయించాడు కూడా. పిలుపు వచ్చినప్పుడు నర్సు ‘యానలైజ్’ అంది. రక్తపరీక్షకు పిలుస్తున్నారనుకుని మేం కదల్లేదు. పైగా ఆ కార్డు మీద ఒక స్పెల్లింగు, జనన ధ్రువపత్రం మీద ఇంకొకటి. దాన్ని దిద్దించడానికి రెండుసార్లు తిరిగాం. పాస్‌పోర్టు, ఆ తర్వాత ఓసీఐ కార్డు, అన్నిటికీ ఒకే స్పెల్లింగు ఉండాలి. కాబట్టి మొదటి కాగితం మీదే తేల్చుకోండి.

4. అవతలివాళ్ళు ఎందుకు పట్టుబడుతున్నారో అడిగి తెలుసుకోండి.

మా వియ్యపురాలి పేరు ఎల్క. అక్షరాలు ఈ, ఎల్, కే, ఈ. చిన్నప్పుడు బడిలో టీచరు చివరి అక్షరం మింగేసి ‘ఎల్క్’ అని పిలిచిందట. ఎల్క్ అంటే ఇక్కడ కొమ్ముల దుప్పి. పిల్లలు తలమీద వేళ్ళు పెట్టుకుని కొమ్ములు చూపించేవాళ్ళట. ఆ మాట చెబుతూ ఆవిడ గిన్నె తుడవడం ఆపేసింది. అరవై ఏళ్ళు దాటిన మనిషి.

వాళ్ళుండే కిచెనర్ పాత పేరు బెర్లిన్. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1916లో, బ్రిటిష్ సేనాని కిచెనర్ పేరు తగిలించారు. జర్మన్ పేరు ఉంటే దేశభక్తి లేనట్టేనని అనుకున్న రోజులు. ష్మిట్‌లు స్మిత్‌లైపోయారు, బ్రౌన్‌ల పేరుకు ఉచ్చారణ అదే ఉన్నా జర్మన్ స్పెల్లింగు పోయి ఇంగ్లీషుది వచ్చింది. ఊరి పేరే పోయిన చోట మనవరాలి పేరులో ఒక్క ‘ఈ’ కోసం అమ్మమ్మ పట్టుబట్టిందంటే అది మొండితనం కాదని నాకు ఆ రోజు అర్థమైంది. మా అబ్బాయితో ఆ సాయంత్రమే మాట్లాడాను. తొమ్మిది అక్షరాలూ ఉండిపోయాయి.

5. తెలుగులో రాసేటప్పుడు ఇంగ్లీషును కాదు, నోటిని చూసి రాయండి.

ఇరవై ఒకటో రోజున బారసాల. బయట మోకాలిలోతు మంచు. గుంటూరు నుంచి వీడియోలో పంతులుగారు. పిల్ల నక్షత్రం కృత్తిక మొదటి పాదం, అంటే అకారం. ఆ ఒక్క సంగతితో గుంటూరు సగం చల్లబడింది. పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరం పట్టుకుని మా అబ్బాయి ‘అన్నెలీసె’ అని రాశాడు. నేను రాసింది రాసినట్టు చదివాను. ఎల్క తల అడ్డంగా ఊపింది. వాడు బియ్యం అరచేత్తో సర్ది ‘అన్నెలీజే’ అన్నాడు. జేబులో ‘జే’ వచ్చింది. అదీ కాదంది.

అప్పుడు ఉంగరం నేను తీసుకున్నాను. మనకు జకారాలు రెండున్నాయి. జయంలో జ వేరు, జాబిల్లిలో జ వేరు. రెండోది దంతాల దగ్గర పుడుతుంది. బ్రౌన్ దొర తన నిఘంటువులో దానికి ‘ౙ’ అని గుర్తు పెట్టి మరీ చూపించాడు. ఇప్పుడు అచ్చులో ఆ గుర్తు కనిపించదు గాని, జడ, జున్ను అనేటప్పుడు మన నాలుక దాన్ని మరిచిపోలేదు. జర్మన్ ధ్వని అచ్చంగా అదే కాదు, కాని మన నోటికి అందేవాటిలో అంత దగ్గరది ఇంకోటి లేదు. జకారానికి ఎత్వం తగిలితే ఆ మెత్తదనం పోతుంది. అందుకని ఎత్వం తీసేసి ‘అన్నలీజ’ అని రాశాను. జాబిల్లి జతో చదివాను. ఎల్క కళ్ళు మూసుకుని వింది. మళ్ళీ చదవమంది. చదివాను. “యా” అని నా చేయి పట్టుకుంది.

6. మీ పిలుపూ వాళ్ళకు నేర్పండి.

వియ్యపురాళ్ళం ఒకరినొకరం వదినగారూ అనుకుంటామని చెప్పాను. ఎల్క వారం రోజులు సాధన చేసింది. ఇప్పుడు ఆదివారం ఫోనులో “వదినగారూ” అని దీర్ఘం ఎక్కడా చెడకుండా అంటుంది. పిల్ల ఆవిడను ఓమా అంటుంది, నన్ను నాయనమ్మ అంటుంది.

మొన్న గుంటూరు నుంచి మా ఆడపడుచు మనవడు వీడియోలో మాట్లాడుతూ ‘అన్నెలీజే’ అన్నాడు. పిల్ల ఆడుకుంటున్న బొమ్మ పక్కన పెట్టి ఫోను దగ్గరకు వచ్చింది. “కాదు బావా, జాబిల్లి జ” అని, వేలితో బల్ల మీద నాలుగు దెబ్బలు వేసింది. మొదటిది గట్టిగా.